కాలము దాటిన పని వ్యర్థమా?

మనుష్యుడు తన చేతనైనంత శ్రద్ధతో ఒక పనిని చేయును. ఆ పని ముగియు నాటికే లోకము వేఱొక దారి పట్టి యుండును. అతని పద్ధతి పాతబడిపోవును. అంతకంటె చౌకయైనది, వేగమైనది, తేలికయైనది వచ్చి దాని స్థానము నాక్రమించును. అప్పుడు అతని శ్రమ యంతయు వ్యర్థమైనదని చెప్పవలయునా? ఫలము నాశింపక కర్మ చేయుమని పెద్దలు చెప్పిన మాట మన మందఱము ఎఱిగినదే. ఐనను, జీవితమంతయు నేర్చిన పని యెవరికిని అక్కఱలేనిదైనప్పుడు ఆ మాటతో మనస్సును సమాధానపఱచుకొనుట కష్టము. పరభాషా ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములకు ఈ ప్రశ్న మఱింత దగ్గఱిది. మన మింటిలో కాపాడుకొనుచున్న వానిలో అనేకములు వెలుపలి లోకము అడుగనివే గదా.

ఈ విషయమున శాస్త్రచర్చ చేయుటకు నాకు పాండిత్యము చాలదు. మెట్రిక్యులేషను వఱకు చదివి, ఉద్యోగ జీవితమంతయు లెక్కల పుస్తకములతో గడిపినవాడను. లెక్కలు వ్రాసినవానికి కొలతకు వచ్చు వస్తువు కావలయును. కావున వేదాంతమును పండితులకు విడిచి, ఒక భవనమును సాక్షిగా పిలిచి, అది చెప్పు సాక్ష్యమును పాఠకుల ముందుంచుచున్నాను.

అమెరికాలోని చికాగో నగరమున జాక్సను వీథిలో మొనాడ్నాక్ అను భవనము కలదు. 1893 సెప్టెంబరు 11వ తేదీన వివేకానందస్వామి సర్వమత మహాసభలో ప్రసంగించినది ఈ నగరముననే. స్వామి ప్రసంగించిన మందిరమునకు ఈ భవనము కొలది వీథుల దూరముననే యున్నది; ఆ యేడే దీని రెండవ సగము పూర్తియైనది. చూపునకు ఇది యొక్కటే కట్టడము. నిజమునకు రెండు సగములు. ఉత్తరపు సగము 1891లో ముగిసినది, దక్షిణపు సగము 1893లో ముగిసినది. నడుమ గడచినవి రెండేండ్లే. కాని ఈ రెండు సగములు రెండు యుగములకు చెందినవి. ఎట్లో తెలిసికొనుటకు ముందు, ఇల్లు ఎట్లు నిలుచునో కొంచెము విచారింపవలయును.

ఇల్లు నిలుచుటకు రెండు మార్గములు కలవు. గోడయే పైకప్పును మోయుట మొదటిది. రాటలు, దూలములు బరువు మోయగా, గోడ కేవలము మఱుగుగా నుండుట రెండవది. మన పాత ఇటుక మిద్దెలు మొదటి రకమునకు చెందినవి. పెండ్లి పందిరి రెండవ రకమునకు చెందినది. పందిరి బరువు రాటల మీద నుండును. చుట్టును కట్టిన తడిక ఎండను, గాలిని ఆపునే గాని దేనిని మోయదు. దానిని విప్పివేసినను పందిరి కూలదు. ఆకాశహర్మ్యముల చరిత్ర యంతయు, ఒక్క మాటలో చెప్పవలయునన్నచో, మిద్దెను విడిచి పందిరి వైపు నడచిన చరిత్రయే.

1871 అక్టోబరులో చికాగోలో గొప్ప అగ్నిప్రమాదము సంభవించెను. నగరపు నడిబొడ్డు బూడిద యయ్యెను; సుమారు లక్షమంది నిలువ నీడలేనివారైరి. ఆ బూడిద మీద నగరమును మరల నిర్మించునప్పుడు నేల ధర విపరీతముగా పెరిగెను. నేల కొఱవడినప్పుడు మనుష్యుడు మీదికి పోవలసినదే. ఐతే నాలుగైదు అంతస్తులు దాటిన పిదప మెట్లెక్కి వచ్చి అద్దెకుండువా రెవరు? ఆ చిక్కును లిఫ్టు విడదీసినది. త్రాడు తెగినను క్రింద పడకుండ ఆగునట్టి ఏర్పాటును ఎలీషా ఓటిస్ అను నతడు కనిపెట్టెను. 1857లో న్యూయార్కునందలి ఒక అంగడిలో మనుష్యులను మోయు లిఫ్టు పనిచేయ నారంభించెను. అటు తరువాత పై అంతస్తుల గదులకు వెలుతురు, గాలి అధికముగా నుండుటచే మంచి అద్దెయే రాసాగెను.

ఇక మిగిలిన చిక్కు గోడది. గోడయే బరువు మోయునప్పుడు, పైనున్న ప్రతి అంతస్తు బరువును క్రింది గోడ మీద పడును. అంతస్తులు పెరిగినకొలది క్రింది గోడ లావు కావలయును. గోడ లావైనకొలది గది ఇఱుకగును, కిటికీ చిన్నదగును, వెలుతురు తగ్గును. అధికమైన అద్దె తెచ్చు నేల అంతస్తులోనే గోడ అధిక స్థలమును మ్రింగును. విలియం లె బేరన్ జెన్నీ అను ఇంజనీరు 1885లో చికాగోలో హోమ్ ఇన్సూరెన్సు భవనమును 10 అంతస్తులుగా కట్టించి, లోహపు చట్రము మీద బరువు నిలుపు మార్గమును చూపెను. ఆ భవనపు గోడలలో కొంతభాగము ఇంకను బరువు మోయుచునే యుండెనని చరిత్రకారులు వాదింతురు. ఐనను దారి మాత్రము తేటపడినది.

అట్టి కాలమున, ఆ నగరముననే, 16 అంతస్తుల భవనమును ఇటుక గోడల మీద నిలుపుటకు పూనుకొన్నవారు ఉండిరి. పీటర్ బ్రూక్స్, షెపర్డ్ బ్రూక్స్ అను సోదరులు బోస్టను నగరపు ధనికులు. చికాగోలో వారి వ్యవహారములను ఓవెన్ ఆల్డిస్ చూచుచుండెను. డేనియల్ బర్న్‌హామ్, జాన్ రూట్ అను భాగస్వాములు వారి వాస్తుశిల్పులు. బ్రూక్స్ సోదరులు జాగ్రత్తపరులు. ఉక్కు చట్రము క్రొత్తది, నమ్మకము కుదురలేదు. ఇటుక వేల ఏండ్లుగా పరీక్షకు నిలిచినది. గోడ మీద నగిషీలు కూడదనియు, ముందుకు పొడుచుకొని వచ్చిన ప్రతి అలంకారమును పక్షులకు గూడును, మసికి నిలయమును అగుననియు పీటర్ బ్రూక్స్ తలంపు. ఖర్చు తగ్గవలయును, శుభ్రముగా నుండవలయును, చిరకాలము నిలువవలయును: ఇది యజమాని కోరిక.

శిల్పి జాన్ రూట్‌నకు అలంకారములన్న ప్రీతి. అతడు మొదట గీచిన చిత్రములలో ఈజిప్టు దేశపు పద్ధతి నగిషీలు ఉండెను. యజమాని అవి యన్నియు తీసివేయించెను. సామాన్యుడైనచో విసుగుతో నాలుగు నిలువు గోడలు గీచి యిచ్చి చేతులు దులుపుకొనెడివాడు. రూట్ అట్లు చేయలేదు. అలంకారము లేని గోడకు రూపమే అలంకారము కావలయునని నిశ్చయించుకొనెను. నేలకడ గోడ మెల్లగా వెడల్పై, చెట్టు మొదలు నేలలో దిగినట్లు దిగును. పైన కొననొద్ద మరల కొంచెము వెలుపలికి వంగును. మూలలు మీదికి పోయినకొలది మెల్లమెల్లగా గుండ్రపడును. అందుకై ఇటుకలను ప్రత్యేకముగా అచ్చుపోసి కాల్చిరి. కిటికీల వరుసలు అలలవలె ముందుకు వచ్చి వెనుకకు పోవును. అంతకు మించి మఱేమియు లేదు. ఆ కాలపు మేటి శిల్పియైన లూయీ సల్లివన్ దీనిని చూచి మెచ్చుకొనెను. క్రింద గోడ మందము 6 అడుగులు. కొనయందు 18 అంగుళములు.

ఇంత బరువును మోయుటకు చికాగో నేల తగినది కాదు. అది తడిసిన మెత్తని బంకమన్ను. గట్టి రాయి చాల లోతున నున్నది. కావున ఉక్కు దూలములను అడ్డము నిలువుగా వరుసలు పేర్చి, కాంక్రీటు పోసి, తెప్పవంటి పునాది వేసిరి. అది గోడల హద్దును దాటి వీథి క్రిందికి 11 అడుగుల వఱకు విస్తరించినది. భవనము క్రుంగక మానదని వారికి ముందుగనే తెలియును. 8 అంగుళములు క్రుంగునని లెక్కగట్టి, అందుకు తగినట్లే కట్టిరి. ఆ లెక్కను దాటి కాలక్రమమున అది సుమారు 20 అంగుళములు క్రుంగినది. ఐనను నిలిచియున్నది. క్రుంగుట యంత ప్రమాదము కాదు. ఒక ప్రక్క క్రుంగి మఱియొక ప్రక్క క్రుంగకుండుటయే గోడను చీల్చును. ఇల్లు కట్టినవారికే గాక, ఇల్లు నడుపువారికిని ఇది ఎఱుగదగిన విషయము.

1891 జనవరి 15వ తేదీన జాన్ రూట్ న్యుమోనియాతో మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 41 సంవత్సరములు. తాను గీచిన గోడ లోకుల వాడుకలోనికి వచ్చుట ఆయన చూడలేదు. దక్షిణపు సగమును హొలబర్డ్, రోష్ అను మఱియొక జంట శిల్పులకు అప్పగించిరి. వారు ఉక్కు చట్రము నిలిపి, దానికి ఇటుకను, కాల్చిన మట్టి పలకలను తొడుగుగా తొడిగిరి. ఉత్తరపు సగముతో పోల్చగా దక్షిణపు సగమునకు ఖర్చు నూటికి 15 వంతులు తక్కువ, బరువు నూటికి 15 వంతులు తక్కువ, అద్దెకు వచ్చు స్థలము నూటికి 15 వంతులు ఎక్కువ. రెండు సగములును పూర్తియైన నాడు ప్రపంచమున నింతకంటె పెద్దదైన కార్యాలయ భవనము లేదు. ఇటుక గోడలే బరువు మోయు ఎత్తైన వ్యాపార భవనములలో ఉత్తరపు సగమే ఇంచుమించు కడపటిది. ఆ తరువాత ఎవ్వరును ఆ దారిన పోలేదు.

ఇప్పుడు తీర్పు చెప్పవలయును. లెక్కల పుస్తకము తీర్పు స్పష్టముగనే యున్నది. మూడు పద్దులలోను ఉత్తరపు సగము ఓడిపోయినది. ఆరడుగుల గోడ పేర్చిన పనివాని శ్రమను, రెండేండ్లలోనే ఒక సన్నని ఉక్కు కంబము కొట్టివేసినది. లెక్క తప్పు కాదు. నేను జీవితమంతయు లెక్కను నమ్మి బ్రతికినవాడను. నాకు నచ్చలేదని లెక్కను కాదనలేను.

దీనికి విరుద్ధమైన తీర్పు చెప్పువారును కలరు. పాత గోడ సత్యవంతమైనది, తాను మోయుచున్న బరువును తన మందములోనే చూపుచున్నది. క్రొత్త గోడ మోసకారి, మోయనిదానిని మోయుచున్నట్లు నటించుచున్నది. కావున పాతదే గొప్పదని వారందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. మనవంటి వయస్సు మళ్లినవారికి మఱింత ఇంపుగా నుండును. కాని ఇదియు నిలువదు. ఉత్తరపు సగములో పాతది మాత్రమే లేదు. లోపలి అంతస్తులను మోయునవి లోహపు కంబములు. గాలి త్రోపును తట్టుకొనుటకు లోపల ఉక్కు చట్రముల కట్టు వేసిరి. ఆ రోజులలో అది సరిక్రొత్త ఏర్పాటు. మెట్లకు వాడిన అల్యూమినియము ఆనాటికి భవన నిర్మాణమున కొత్త లోహము. ఇక దక్షిణపు సగము చేసిన మోసమేమి? బరువు మోయు ఉక్కును అగ్ని నుండి కాపాడుటకై మట్టి తొడుగు తొడుగుట మోసమా? పాతదానికి సత్యమును, క్రొత్తదానికి అసత్యమును పంచిపెట్టుట న్యాయము కాదు.

ఏది నిలిచినదో అదియే గెలిచినదని మూడవ తీర్పు చెప్పవచ్చును. గెలిచిన మార్గమునకు దారిచూపిన హోమ్ ఇన్సూరెన్సు భవనమును 1931లో పడగొట్టిరి. చట్రపు పద్ధతికి శిఖరమువంటి 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనము న్యూయార్కులో ప్రారంభమైనదియు ఆ సంవత్సరముననే. దారి చూపినది 46 ఏండ్లకే నేలమట్టమాయెను. ఓడిన మొనాడ్నాక్ గోడ నేటికిని అద్దెదారులతో నిండి నిలిచియున్నది. ఇది చూచి సంతోషపడుట సహజము. కాని నిలుచుటయే విలువకు కొలత యైనచో, అదే యజమానులకు అదే శిల్పులు కట్టిన మాంటాక్ భవనము మాట యేమి? 10 అంతస్తుల ఆ భవనమును 1902లోనే, కట్టిన ఇరువది ఏండ్లకే, పడగొట్టిరి. చేతులు అవే, శ్రద్ధ అదే. ఐనచో ఒకటి సార్థకము, మఱియొకటి వ్యర్థము అందుమా? మెత్తని నేల మీద ఇనుప పట్టాలు పేర్చి తెప్పవంటి పునాది వేయుటను రూట్ మాంటాక్ కట్టడములోనే నేర్చెను. ఆ విద్యయే మొనాడ్నాక్‌ను మోయుచున్నది. భవనము పోయినది, అది నేర్పినది పోలేదు.

కావున ధరయు కొలత కాదు, ఆయువును కొలత కాదు. మఱి ఏది కొలత? తన కప్పగించిన బరువును, అప్పగించినంత కాలము, వంచన లేక మోసినదా, లేదా అనునదియే సరియైన ప్రశ్న యని నాకు తోచుచున్నది. గోడకు తాను కడపటి గోడనని తెలియదు. తెలిసినను అది మోయు బరువు తగ్గదు. ఆ భవనపు ఆరవ అంతస్తులో కూర్చుండి జాబు వ్రాసికొను గుమాస్తాకు, తన క్రింది నేల కదలకుండుటయే ముఖ్యము. వాస్తు విద్యలో రాబోవు మార్పును గూర్చి అతడు అడుగడు. ఆ నేలను కదలకుండ నిలిపినవాడు తన ఋణము తీర్చుకొన్నవాడే.

దీనికి మన దేశపు సాక్ష్యమును ఒకటి చెప్పెదను. చెన్నపట్టణపు మౌంటు రోడ్డున నున్న ఎల్.ఐ.సి. భవనము తమిళనాటి తెలుగువారికి చిరపరిచితము. సున్నము, ఇటుకలతో కట్టుటకు అలవాటుపడిన ఆ నగరమున 177 అడుగుల ఎత్తున కాంక్రీటు కంబముల మీద అది లేచి, 1959లో ప్రారంభమాయెను. దానిని సంకల్పించినవారు యునైటెడ్ ఇండియా జీవిత బీమా సంస్థ అధిపతి ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియారుగారు. 1954లో సింగపూరునందు జరిగిన విమాన ప్రమాదమున వారు మరణించిరి. 1956లో బీమా సంస్థలు జాతీయము చేయబడగా ఆ కట్టడము క్రొత్త సంస్థ చేతికి వచ్చినది. సంకల్పించినవారు చూడలేదు, ఎవరికొఱకు సంకల్పించిరో వారికి దక్కలేదు. ఐనను దాని నీడన వేలమంది జీవనము చేసిరి. రూట్‌నకైనను చెట్టియారుగారికైనను వ్యర్థమన్న మాట అతుకునా?

నా వృత్తిని గూర్చి రెండు మాటలు చెప్పుటకు పాఠకులు అనుమతింతురుగాక. నేను ఉద్యోగమున చేరిన నాడు చిట్టా, ఆవర్జా అన్నియు చేతితోనే వ్రాయుచుంటిమి. అంకెలు ఒకదాని క్రింద ఒకటి నిలువుగా నిలువవలయును, కొట్టివేత యుండరాదు, తేదీ విడువరాదు. దాదాపు పదునైదేండ్లు అట్లు వ్రాసిన పిదప కంప్యూటరు వచ్చినది. మేము ఒక దినమున కూడినదానిని అది క్షణములో కూడెను. మా చేతివ్రాత, మా కూడికల నేర్పు ఒక్కసారిగా ఎవరికిని కావలసినవి కాకపోయినవి. ఆ పుస్తకములను ఒక గదిలో పడవేసి తాళము వేసిరి. ఇన్నేండ్ల శ్రమ ఆ చీకటి గదికే చెల్లినదా యని నాకును దిగులు కలుగకపోలేదు.

కొన్ని సంవత్సరముల తరువాత, మరణించిన ఒక చిన్న ఉద్యోగి భార్య పింఛను కొఱకు వచ్చెను. ఆయన తొలి యేండ్ల సర్వీసునకు ఋజువు కావలసివచ్చెను. ఆ కాలపు వివరములు యంత్రములోనికి ఎక్కలేదు. గది తెఱచి పుస్తకములు తీసి చూడగా, నెల తప్పక ఆయన జీతపు పద్దు, తేదీతో సహా, చదువుటకు వీలుగా నుండెను. నా చేతివ్రాతయు కలదు. నాకు ముందు పనిచేసిన పెద్దల చేతివ్రాతయు కలదు. ఆమెకు రావలసినది వచ్చినది. అది వ్రాయునాడు మేము ఆమెను ఎఱుగము. పద్దు సరిగా నుండవలయునని వ్రాసితిమి, అంతే. ఆ పద్దు మోసిన బరువు ఇరువది ఏండ్ల తరువాత మీద పడినది, అది తట్టుకొన్నది. ఒకవేళ ఆమె రాకున్నను ఆ పద్దు సరియైన పద్దుగనే యుండెడిది. ఈ కడపటి మాటయే ముఖ్యమైనది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఇట్లైనచో పాతదానిని ఎన్నటికి విడువక పట్టుకొని వ్రేలాడుటయే ధర్మమా? కాదు. కంప్యూటరు వచ్చిన పిదప చేతితోనే కూడెదనని భీష్మించుకొని కూర్చున్నచో అది శ్రద్ధ కాదు, మొండితనము. 1893లో బ్రూక్స్ సోదరులు సయితము మరల ఆరడుగుల గోడ కట్టింపలేదు, చట్రమునే ఒప్పుకొనిరి. తెలిసినంతలో మంచిదానిని ఎన్నుకొనుట, ఎన్నుకొన్నదానిని నిండు మనస్సుతో చేయుట, అంతకంటె మంచిది కనబడినప్పుడు ద్వేషింపక దారి యిచ్చుట: ఈ మూడును కలిసి యుండవలయును. దారి యిచ్చినవాడు తాను చేసినదానికి సిగ్గుపడ నక్కఱలేదు.

ఇక మన యింటి మాటకు వత్తము. మన పిల్లలు తమిళమునో, కన్నడమునో, ఒడియానో, మరాఠీనో బడిలో చదువుచున్నారు, ఇంగ్లీషు చదువుచున్నారు. బ్రతుకు బరువును నేడు మోయు చట్రము అదియే. దానిని కాదనుట తెలివి కాదు. ఇంటిలో తెలుగు అక్షరములు నేర్పుట వలన ఉద్యోగము రాదు. నేర్పుటకు పట్టు సమయము మఱియొక చదువు నుండి తీయవలసినదే. ఆరడుగుల గోడ గదిలో స్థలమును తినునట్లే యిదియు పిల్లవాని దినములో కొంత స్థలమును తినును. ఈ ఖర్చును దాచి, తెలుగు నేర్చినచో అన్ని లాభములును కలుగునని చెప్పుట పిల్లలను మోసగించుటయే. ఖర్చు కలదు, ఐనను పెట్టదగినదని చెప్పుటయే నిజాయితీ.

ఏల పెట్టదగినది? అద్దె పద్దులో కనబడని బరువులు కొన్ని గలవు. ముత్తవ్వ చెప్పిన సామెత, తాత వ్రాసిన జాబు, చావు పుట్టుకలనాడు నోట వచ్చు మాట, వీనిని మోయునది మఱియొక భాష కాదు. 17వ శతాబ్దమున తంజావూరు నాయకరాజుల కొలువున, చుట్టును తమిళము పలుకు నేలలో, తెలుగు కావ్యములు, యక్షగానములు వెలసినవి. ఆ రాజ్యము పోయినది. ఆ వ్రాతప్రతులు సరస్వతీ మహలు గ్రంథాలయమున నేటికిని కలవు. కావేరి యొడ్డున తిరువయ్యారులో త్యాగరాజస్వామి తెలుగున కీర్తనలు రచించెను. తెలుగు మాటలాడని గాయకులు సయితము వానిని నేర్చి పాడుచున్నారు. ఈ భాష ఇచట ఎన్నాళ్లు నిలుచునని లెక్క చూచికొని వారు పాడలేదు. పలుకు తప్పకుండ పాడిరి.

ఐతే మోయువాడొకడే చాలడు, కాపాడువాడును కావలయును. 1938లో మొనాడ్నాక్ భవనమును కాలమునకు తగినట్లు మార్చవలయునని, నేలమీది చిన్న రాళ్ల చిత్రపు కూర్పును క్రొత్త పలకలతో కప్పివేసిరి. కాలక్రమమున భవనము పాడుపడి, 1979లో అమ్మకమునకు వచ్చినది. కొన్న యజమానులు దానిని పడగొట్టక, ఒక్కొక్క అంతస్తుగా ఏండ్ల తరబడి బాగుచేయించిరి. కప్పిన పలకలను తొలగించి, నేలను, మెట్లను, దీపములను తొలి రూపమునకు తెచ్చిరి. 1891లోని శ్రద్ధకు జవాబు నూఱేండ్లకు గాని రాలేదు. చేసినవాని వంతు చేయుటతో ముగియును. దానిని సార్థకము చేయుట తరువాతివారి వంతు. మనము ఒక పెద్దల పనికి తరువాతివారము, మఱియొక తరమునకు పెద్దలము. రెండు వంతులును మనవే.

మొనాడ్నాక్ అనునది న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమునందలి ఒక కొండ పేరు. చుట్టునున్న నేల యెల్ల అరిగిపోయినను తానొక్కటి మిగిలిన కొండకు భూశాస్త్రజ్ఞులు ఈ పేరునే సామాన్యనామముగా వాడుచున్నారు. పేరు భవనమునకు చక్కగా అమరినది. కాని ఒంటరితనమే దాని గొప్పతనమని నేను అనను. భవనపు నేల అంతస్తులో ఉత్తరము నుండి దక్షిణమునకు పొడుగునను ఒక నడవ కలదు, ఇరుప్రక్కల అంగళ్లు. ఆ నడవలో నడచువాడు గోడ మోయు సగమున అడుగు పెట్టి, చట్రము మోయు సగమున బయటికి వచ్చును. ఎచట ఒక యుగము ముగిసి మఱియొకటి మొదలైనదో అతని పాదములకు తెలియదు. రెండును అతనిని సమానముగనే మోసినవి. మన పిల్లలును అట్లే ఇంటి మాట నుండి వీథి మాటకు, వీథి మాట నుండి ఇంటి మాటకు తడబాటు లేక నడువవలయునన్నచో, నడవకు ఈ చివరనున్న గోడను చక్కగా నిలుపుట మన పని. అది ఎన్నాళ్లు నిలుచునో లెక్క కట్టుట మన పని కాదు.